గాలివానలు, వరదలు, మానవహస్తము: ఒక సందేహము యొక్క చరిత్ర

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు బోవు సముద్రతీరపు బాటలో రుషికొండ యున్నది. ఒకప్రక్క కొండ, ఒకప్రక్క కడలి. నడుమ ఇసుకతిన్నెయు, జాలరుల పడవలును. ఈ తీరవాసులకు గాలివాన క్రొత్తది కాదు. అయినను 2014 వ సంవత్సరము అక్టోబరు 12 వ తేదీన హుద్‌హుద్ అను తుఫాను విశాఖపట్టణముమీదికే నేరుగా వచ్చి తీరము దాటిన దినము ఇచటివారి స్మృతినుండి చెరగునది కాదు. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి కొండలమీది చెట్లు కూకటివ్రేళ్లతో పెల్లగిలెను. విమానాశ్రయపు పైకప్పు చెదరిపోయెను. రేవులోని కొలతయంత్రము, ఆనాటి సహజమైన పోటుకంటె సముద్రమట్టము 1.4 మీటర్లు హెచ్చినట్లు చూపెను. పట్టణమంతయు దినములకొలది దీపములు లేక, త్రాగునీరు లేక అల్లాడెను.

తుఫాను వెలిసినపిదప మిగిలినది ఒక ప్రశ్న. ఇట్టి విపత్తులు ప్రకృతిధర్మముచేత వచ్చుచున్నవా? లేక మానవుడు బొగ్గును, చమురును తగులబెట్టి భూగోళమును వేడెక్కించుటచేత పెచ్చు పెరుగుచున్నవా? మొదటి మాటను నమ్మువారు రెండవదానిని శంకింతురు. రెండవదానిని నమ్మువారు మొదటివారిని అజ్ఞానులని త్రోసివేయుదురు. ఇట్లు త్రోసివేయుట న్యాయము కాదు. ఈ సందేహమునకు సుదీర్ఘమైన చరిత్ర కలదు. అందు నిలువదగిన అంశమును కలదు, విడువదగిన అంశమును కలదు. ఆ రెంటిని వేరుపరచి చూపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

సందేహించువారి మొదటి వాదము మన తీరచరిత్రయే. 1789 వ సంవత్సరము డిసెంబరులో గోదావరి ముఖద్వారమునందలి కోరంగి రేవుపై మూడు మహాతరంగములు వరుసగా విరుచుకొనిపడి, సుమారు 20,000 మందిని బలిగొన్నట్లు వ్రాతలు చెప్పుచున్నవి. అదే కోరంగి 1839 నవంబరులో మరల ఉప్పెన పాలయ్యెను. నాటి మృతుల సంఖ్యనుగూర్చి భిన్నాభిప్రాయములున్నను, రేవు మరల తన పూర్వవైభవమునకు రాలేదన్న విషయమున భేదము లేదు. 1864 నవంబరు 1 వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది నశించిరి. 1876 అక్టోబరులో విశాఖపట్టణమునే ఒక తుఫాను తాకెను. ఆ మాసాంతమున వంగదేశపు బాకర్‌గంజిని ముంచిన తుఫానుతోపాటు దానినిగూర్చియు జాన్ ఎలియట్ అను వాతావరణ శాస్త్రజ్ఞుడు నివేదిక వ్రాసెను. 1908 సెప్టెంబరు 28 న మూసీనది పొంగి హైదరాబాదు నగరములో సుమారు 15,000 మందిని పొట్టనబెట్టుకొనెను. ఆ దినములలో విశాఖలో ఉక్కుకర్మాగారము లేదు. మన త్రోవలలో మోటారుబండ్లు లేనట్లే లెక్క. అట్టియెడ ఆ ఉప్పెనలకు మానవుడెట్లు కారకుడగును?

వారి రెండవ వాదము ఇంకను పురాతనమైనది. రుషికొండనుండి ఉత్తరముగా భీమునిపట్టణపు దిక్కునకు బోయినచో ఎఱ్ఱమట్టి దిబ్బలు కనబడును. భారత భూవిజ్ఞాన సర్వేక్షణశాఖ వీనిని భూవారసత్వ స్థలముగా గుర్తించినది. గాలియు, నీరును, సముద్రమట్టపు హెచ్చుతగ్గులును కలిసి వేలయేండ్ల కాలములో పేర్చిన గ్రంథమిది. సుమారు 20,000 ఏండ్లకు పూర్వము, భూమిపై మంచుయుగము ముదిరియున్నప్పుడు, సముద్రము నేటికంటె 120 మీటర్లు లోతున నుండెను. నేడు రుషికొండ పాదములను తాకు అలలు నాడు ఎంతో దూరమున నుండినవి. మంచు కరగిన కొలది కడలి పైకి వచ్చెను. ఈ మహాపరివర్తనమున మానవుని ప్రమేయము లేశమైనను లేదు. శీతోష్ణస్థితి తనంతట తానే మారునది యనుటకు ఇంతకంటె దృష్టాంతమేమి కావలెను?

ఈ రెండు వాదములలోని విషయములు సత్యములు. వరదలు పూర్వమునను వచ్చినవి. శీతోష్ణస్థితి పూర్వమునను మారినది. వీనిని కాదనువాడు చరిత్రనే కాదనినవాడగును. కాని వీనినుండి తీయు సిద్ధాంతమునందే దోషమున్నది. పిడుగుపాటుచేత అడవి తగులబడుట యుగయుగములనుండి కలదు; అంతమాత్రమున ఊరిలోని గడ్డివామికి నిప్పుపెట్టిన చేయి లేదని చెప్పుటకు వీలులేదు. పూర్వకారణము వేరు, ప్రస్తుతకారణము వేరు కావచ్చును; రెండును కలిసియు పనిచేయవచ్చును. ఏది ఎంతవరకు పనిచేయుచున్నదో తేల్చవలసినది తర్కము కాదు, కొలత.

కొలతల విషయమున విశాఖపట్టణమునకు గర్వింపదగిన చరిత్ర యున్నది. జమీందారీ కుటుంబమునకు చెందిన గోడే వెంకట జగ్గారావుగారు మద్రాసు నక్షత్రశాలలో టి. జి. టేలరు కడ ఖగోళశాస్త్ర మభ్యసించి, 1840 లో విశాఖపట్టణమున తమ సొంత వ్యయముతో ఒక వేధశాలను నెలకొల్పిరి. 1856 లో వారు పరమపదించిన పిదప, అల్లుడు అంకితం వెంకట నర్సింగరావుగారు ఆ భారమును వహించిరి. నక్షత్రములను చూచుటయేగాక వర్షపాతము, గాలి, వేడిమి, వాయుభారము మొదలైనవానిని ఆ వేధశాలలో గుర్తించి ప్రకటించుచుండిరి. ఆయన లండను రాయల్ ఖగోళసంఘమునకు సభ్యులుగా నెన్నుకొనబడిరి. నేటి వాన నిన్నటి వానకంటె హెచ్చో తగ్గో చెప్పవలెనన్నచో, నిన్నటి వానను ఎవరో ఒకరు శ్రద్ధతో కొలిచి వ్రాసియుంచవలెను. ఆ పనిని, రాబోవు తరములు ఏమి ప్రశ్నించునో తెలియకయే, ఈ మామా అల్లుళ్లు చేసిరి.

1864 నాటి తుఫానులును, తరువాతి క్షామములును ప్రభుత్వపు కన్నులు తెరపించెను. 1875 లో భారత వాతావరణశాఖ ఏర్పడెను. 1933 లో విశాఖ రేవు ప్రారంభమైన కొన్ని యేండ్లకే సముద్రపు ఆటుపోటులను యంత్రముతో గుర్తించుట మొదలయ్యెను. మన దేశములో దీర్ఘకాలముగా సముద్రమట్టమును కొలుచుచున్న కొలదిరేవులలో విశాఖ యొకటి. 1950 దశకములో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు అమెరికానుండి వచ్చిన లఫాండ్ అను సముద్రశాస్త్రజ్ఞుడు ఇచటి ఆచార్యులతోను, విద్యార్థులతోను కలిసి బంగాళాఖాతపు నీటి వేడిమిని, ఉప్పదనమును, ప్రవాహములను పరిశీలించెను. ఈ కొలతలు చెప్పు విషయము ఆర్భాటమైనది కాదు. విశాఖవద్ద సముద్రమట్టము ఇరువదవ శతాబ్దములో ఏటికి సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరిగినది. డెబ్బదియేండ్లకు లెక్కించినను అరచేతి వెడల్పునకు మించదు. "ఇంతేగదా" యనువాని మాట నిజమే. కాని ఉప్పెన వచ్చినప్పుడు అది ఎక్కివచ్చు మెట్టు అంతమేరకు ఎత్తుగా నున్నదనుటయు నిజమే.

ఇక ఆకాశపు సంగతి. బొగ్గుపులుసు వాయువునకు వేడిని పట్టియుంచు గుణము కలదని 1856 లో అమెరికాలో యూనిస్ ఫుట్ అను వనితయు, 1859 లో ఇంగ్లండులో జాన్ టిండాల్ అను శాస్త్రజ్ఞుడును వేర్వేరుగా ప్రయోగపూర్వకముగా చూపిరి. 1896 లో స్వీడను దేశీయుడగు ఆర్హీనియస్, ఈ వాయువు గాలిలో రెట్టింపైనచో భూమి ఎంత వేడెక్కునో లెక్కగట్టెను. 1938 లో కాలండర్ అను ఆంగ్లేయ ఇంజనీరు ప్రపంచములోని 147 కేంద్రముల వేడిమి లెక్కలను స్వయముగా పోగుచేసి, భూమి అప్పటికే వేడెక్కుచున్నదనియు, దానికి బొగ్గుపొగ కొంతవరకు కారణమనియు లండనులోని వాతావరణ శాస్త్రజ్ఞుల సభయెదుట వాదించెను. సభ్యులు ఆయన మాటను నమ్మలేదు. అనగా ఈ విషయమున మొట్టమొదట సందేహించినవారు సామాన్యజనులు కారు, శాస్త్రజ్ఞులే. వారి సందేహము తిట్లవలన తీరలేదు, కొలతవలన తీరెను. 1958 లో చార్లెస్ కీలింగ్ హవాయి ద్వీపములందలి మౌనా లోవా పర్వతముపై ఈ వాయువును నిత్యము కొలుచుట ప్రారంభించునప్పటికి గాలిలోని పదిలక్షల భాగములలో అది సుమారు 315 భాగములుండెను. నేడు 420 దాటినది. యంత్రయుగమునకు ముందటి కాలమున అది 280 ప్రాంతమున నుండెనని ధ్రువప్రదేశపు మంచులో చిక్కుకొనియున్న పూర్వపు గాలి బుడగలు సాక్ష్యమిచ్చుచున్నవి. 2021 లో వివిధదేశముల శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘము, మానవుని చర్యలవలన భూమి వేడెక్కినదనుట నిస్సందేహమని ప్రకటించెను.

భూమి వేడెక్కినచో వరదకేమి సంబంధమని అడుగవచ్చును. గాలి 1 డిగ్రీ సెంటిగ్రేడు వేడెక్కినచో సుమారు 7 శాతము అధికముగా నీటి ఆవిరిని ధరింపగలదు. వేడెక్కిన సముద్రము ఆవిరిని విస్తారముగా ఇచ్చును. మేఘము బరువెక్కి, వాన కురిసినప్పుడు ఒక్కుమ్మడిగా కురియును. ఇది వంటయింటిలో కాగుచున్న కుండను చూచినవారికి అర్థముకాని సంగతి కాదు.

అయినను ఒక చిక్కు మిగిలినది. ఫలానా దినమున ఫలానా ఊరిని ముంచిన వానలో మానవుని పాలు ఎంత? 2003 జనవరిలో ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డులో థేమ్సునది పొంగి మైల్స్ ఆలెన్ అను శాస్త్రజ్ఞుని వంటయింటి గుమ్మమును సమీపించుచుండగా, ఏ ఒక్క వరదకును భూతాపమును కారణముగా చూపలేమను మాట ఆయన చెవిని బడెను. ఇది నిజముగా అసాధ్యమా యని ఆయన ఆలోచించి ఒక మార్గమును సూచించెను. దానిని మన పచ్చీసు ఆటతో పోల్చి చెప్పవచ్చును. ఒకడు గవ్వలలో ఒకదానికి రహస్యముగా మైనమంటించెననుకొందము. ఒక్క పందెమును చూచి, అది మైనమువలన పడినదా, సహజముగా పడినదా యని తేల్చుట ఎవరితరమును కాదు. కాని మైనమున్న గవ్వలతో వేయిమార్లు, మైనములేని గవ్వలతో వేయిమార్లు వేసి చూచినచో, ఆ పందెము ఎన్నిరెట్లు సులభమైనదో తెలిసిపోవును. శాస్త్రజ్ఞులు గణకయంత్రములలో చేయునది ఇదే. నేటి గాలితో కూడిన భూమిని, పూర్వపు గాలితో కూడిన భూమిని వేర్వేరుగా లెక్కలలో నిలిపి, ఆ రెంటిలోను అట్టి వాన ఎన్నిమార్లు కురియునో పోల్చిచూతురు. 2000 వ సంవత్సరపు శరత్కాలమున ఇంగ్లండు, వేల్సు దేశములలో వచ్చిన వరదలను ఈ విధముగా పరిశీలించి 2011 లో ఫలితములు ప్రకటించిరి. వేర్వేరు లెక్కలలో పదింట తొమ్మిదిమార్లు, మానవకృతమైన వాయువులవలన వరద అవకాశము 20 శాతమునకు మించి పెరిగినట్లు తేలెను.

"ఈ శాస్త్రజ్ఞులు ఏది జరిగినను భూతాపమునకే అంటగట్టుదురు" అను అభియోగము తరచుగా వినబడును. దీనికి సమాధానము మన పొరుగుననే యున్నది. 2015 డిసెంబరు 1 వ తేదీన చెన్నపట్టణమును వాన ముంచెత్తెను. తాంబరమున ఒక్క దినములో సుమారు 49 సెంటీమీటర్లు కురిసెను. ఆ ఈశాన్య ఋతువులోనే మన నెల్లూరు, చిత్తూరు జిల్లాలును నీట మునిగెను. చెన్నపట్టణపు వానను అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల బృందమొకటి శోధించి, అందు భూతాపపు ప్రభావము తమకు కానరాలేదని స్పష్టముగా వ్రాసెను. బంగాళాఖాతముపై కమ్ముకొను పొగయు, ధూళియు ఎండను అడ్డగించుటచేత అచటి సముద్రము తక్కిన సముద్రములవలె వేడెక్కకపోయియుండవచ్చునని వారు ఊహించిరి. అట్లే 2024 జూలై 30 న కేరళలోని వయనాడు కొండలు విరిగిపడుటకు హేతువైన కుంభవృష్టిని పరిశీలించి, భూతాపమువలన అది సుమారు 10 శాతము తీవ్రమైనదని చెప్పిరి; కొండప్రాంతమగుటచే తమ లెక్కలో అనిశ్చితి యున్నదనియు దాచక చెప్పిరి. ఒకచోట లేదనియు, ఒకచోట ఉన్నదనియు, ఉన్నచోట ఇంతయనియు చెప్పువానిని ముందే తీర్పు వ్రాసుకొన్న న్యాయాధిపతి యనరాదు.

మన నదుల విషయమున మరియొక సందేహమున్నది. "ఋతుపవనములు క్షీణించుచున్నవి, పొలములు ఎండుచున్నవి, అట్టియెడ వరదలు పెరుగుచున్నవనుట విరుద్ధముగాదా?" ఇది రైతు అనుభవమునుండి పుట్టిన ప్రశ్న, తేలికగా త్రోసివేయదగినది కాదు. భారత ప్రభుత్వపు భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020 లో ప్రకటించిన నివేదిక ప్రకారము 1951 నుండి 2015 వరకు దేశములో నైఋతి ఋతువర్షము మొత్తము మీద సుమారు 6 శాతము తగ్గినది. కాని భూపేంద్రనాథ గోస్వామి ప్రభృతులు 2006 లో చూపినట్లు, మధ్యభారతమున సాధారణపు వానలు తగ్గి, అతివృష్టులు హెచ్చినవి. రాక్సీ మాథ్యూ కోల్ ప్రభృతులు 2017 లో, 1950 నుండి 2015 వరకు అచట విశాలప్రదేశముల నావరించు అతివృష్టులు మూడురెట్లైనట్లు కనుగొనిరి. గోదావరికి నీరు చేర్చు అడవులలో అధికభాగము ఆ మధ్యభారతముననే యున్నది. కావున దినములు ఎండిపోవుటయు, గంటలు ముంచివేయుటయు ఒకే మార్పునకు రెండు ముఖములు. తుఫానుల సంగతియు ఇట్టిదే. మన సముద్రములలో తుఫానుల మొత్తపు సంఖ్య 1951 నుండి తగ్గినది. కాని 2000 తరువాత, ఋతుపవనములు మరలిన మాసములలో అతితీవ్రమైనవి పెరిగినవి. "తుఫానులు తగ్గినవి" అనువాడు అబద్ధమాడుట లేదు, సగము చెప్పుచున్నాడు.

సగము తెలిసినచోట తక్కిన సగమును ఊహలు నింపును. 2022 జూలై 16 న భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులకు చేరెను. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంతటిది అచట మరల చూడలేదు. మరునాడు వరదప్రాంతమును దర్శింపవచ్చిన నాటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారు, విదేశీయులు మన దేశమున కావలెనని మేఘవిస్ఫోటములు కలిగించుచున్నారను మాట వినబడుచున్నదనియు, అందు నిజమెంతో తమకు తెలియదనియు పలికిరి. గోదావరి పరీవాహకప్రదేశమంతటిని ముంచు వానను మనుష్యుడు ఇచ్ఛానుసారముగా కురిపింపగల విద్య నేటివరకు లేదని వాతావరణ శాస్త్రజ్ఞులు సమాధానము చెప్పిరి. ఈ ఘట్టమునందు విచారింపదగిన విశేషమొకటి కలదు. మానవుడు వానను మార్చగలడని నమ్ముటకు జనులు వెనుదీయుట లేదు. ఒక శత్రువు, ఒక రహస్యయంత్రము, ఒక దురుద్దేశము ఉన్నదన్నచో సులభముగా నమ్ముదురు. ఏ దురుద్దేశమును లేక, అన్నము వండుకొనుటకును, ఇనుము కరగించుటకును, బండి నడుపుటకును కోట్లజనులు పెట్టిన నిప్పులు కలిసి వానను మార్చినవనుట నమ్మశక్యముగా తోచదు. 2021-22 లో దేశవ్యాప్తముగా జరిగిన ఒక విచారణలో 57 శాతము మంది భూతాపమునకు ముఖ్యకారణము మానవుడే యనియు, 31 శాతము మంది ప్రకృతిమార్పులే యనియు చెప్పిరి. అనగా సుమారు ముగ్గురిలో ఒకరికి ఈ విషయమున నమ్మకము లేదు.

దీనికి మూలము, కంటికి కనబడు చేతికిని కనబడని చేతికిని గల భేదమే. 2021 తరువాత రుషికొండపై జరిగిన త్రవ్వకములు ప్రజలకు కనబడినవి. వివాదము న్యాయస్థానములదాక పోయెను. కొండవాలులు కొట్టి ఇండ్లు కట్టినచో, తొలివానకే ఎఱ్ఱమట్టి వీధిలోనికి దిగివచ్చుట కనబడును. గెడ్డలను పూడ్చి స్థలములుగా చేసినచో, నీరు తన పాతదారిని వెదకుకొనుచు ఇంటిలోనికి వచ్చుట కనబడును. 2024 సెప్టెంబరు 1 వ తేదీన బుడమేరు గట్లు తెగి విజయవాడలో సగభాగము నీటమునిగినప్పుడు ఏటిదారి ఆక్రమణలు కనబడినవి. చెన్నపట్టణపు వరదలో జలాశయపు నిర్వహణలోపములను ప్రభుత్వ లెక్కల పరిశోధనాధికారియే ఎత్తిచూపెను. కావున "గెడ్డ పూడ్చినందున వరద వచ్చినది గాని, ఆకాశము వేడెక్కినందున కాదు" అను పౌరుని మాటలో గొప్ప సత్యాంశమున్నది. ఆ సత్యాంశమును విస్మరించి, ప్రతి వరదకును భూతాపమునే కారణముగా చెప్పుట బాధ్యతగలవారికి మంచి చాటు కల్పించును. కాలువ తీయింపనివాడును, చెరువును అమ్ముకొన్నవాడును ఆకాశమువైపు వ్రేలు చూపి తప్పుకొందురు. సందేహించువాని జాగరూకత ఇచట లోకోపకారకము.

కాని ఈ రెండు కారణములు ఒకదాని నొకటి కొట్టివేయునవి కావు. వాన ఎంత బరువుగా పడునో నిర్ణయించుటలో ఆకాశమున కలిసిన పొగకు పాలున్నది. పడిన నీరు ఎవరి ఇల్లు ముంచునో నిర్ణయించునది భూమిపైన మనము చేసిన పని. పూడిన గెడ్డకు నిన్నటి వానయే ఎక్కువ. రేపటి వాన అంతకంటె ఎక్కువగునని తెలిసియు గెడ్డను పూడ్చుట రెట్టింపు అపరాధము. రుషికొండకు సమీపమునందలి తొట్లకొండపై బౌద్ధభిక్షువులు రాతిని తొలిచి వాననీటికి తొట్లు కట్టుకొనిరి. ఆ తొట్లవలననే కొండకు ఆ పేరు వచ్చెను. ఎంత వాన పడునో, ఎటు పారునో తెలిసికొని నిలిచినవారి పని యది. ఇప్పుడు ఆ వానయే మారుచున్నది. పాత లెక్కలతో కట్టిన వంతెనలు, కాలువలు, గట్లు క్రొత్తవానకు చాలునో చాలవో చూచుకొనవలసినది మనమే.

ఈ సందేహమునకు వెనుక మరియొక బాధయు కలదు; దానిని దాచుట మర్యాద కాదు. విశాఖపట్టణము బొగ్గుతో పెరిగిన పట్టణము. 1966 లో ఉక్కుకర్మాగారముకొరకు జరిగిన ఉద్యమములో 32 మంది ప్రాణములర్పించిరి. ఆ కర్మాగారపు కొలుములు బొగ్గుతో మండును. రేవులో దిగు సరకులలో బొగ్గు ముఖ్యమైనది. పరవాడవద్దనున్న 2,000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్కేంద్రము బొగ్గుతో నడచును. వేలకుటుంబముల అన్నము దానిలోనిది. "వరదకు ఈ పొగ కారణము" అని చెప్పినప్పుడు "నీ అన్నమే నీ ఇంటిని ముంచినది" అని చెప్పినట్లు కార్మికుని చెవికి వినబడును. అతడు శంకించుట సహజము. అతనికి చెప్పవలసిన సత్యము ఇంకను ఉన్నది. గాలిలో పేరుకొన్న ఈ వాయువులో పెద్దభాగము ముందుగా యంత్రయుగమును ప్రవేశించిన దేశములది. నేటికిని ఏటికి తలకు లెక్కించినచో భారతీయుడు సుమారు 2 టన్నుల బొగ్గుపులుసు వాయువును విడుచుచుండగా అమెరికా దేశీయుడు సుమారు 14 టన్నులు విడుచుచున్నాడు. మానవహస్తము నిజమని ఒప్పుకొనుటయనగా అపరాధమంతయు మనదని తలవంచుట కాదు. పైగా, ఆ హస్తము నిజమని ఋజువైననే నష్టపడినవాడు న్యాయమడుగుటకు ఆధారము దొరకును. హుద్‌హుద్‌లో పడవలు కోల్పోయిన జాలరికి సందేహము కంటె ఋజువే ఉపకారము చేయును.

మొత్తముమీద సందేహము గమనమిట్లున్నది. ఉప్పెనలు పూర్వమునను వచ్చినవని చెప్పినప్పుడు అది చరిత్రను కాపాడెను. ఒక్కొక్క వరదకు ఋజువు చూపుమని అడిగినప్పుడు అది శాస్త్రమును పదునుపెట్టెను. గెడ్డల పూడికను మరువవద్దని హెచ్చరించినప్పుడు అది పౌరధర్మమును నెరవేర్చెను. కాని ఋజువు వచ్చినపిదపను వినననుటయు, లెక్కకు బదులు కుట్రను నమ్ముటయు సందేహము కాదు, మొండితనము. అడిగిన ప్రశ్నకు సమాధానము వచ్చినప్పుడు దానిని చదువుట ప్రశ్నించినవాని బాధ్యత.

చదువుటకు గ్రంథము కావలెను. జగ్గారావుగారి వేధశాలలో నాడు వ్రాసిన వర్షపాతపు అంకెలు గ్రంథస్థమైనందుననే నిలిచినవి. ప్రతి గ్రామమునను ఏ వానకు ఏ గెడ్డ ఎంతవరకు పొంగెనో, ఏ ఉప్పెనకు నీరు ఏ గుడిమెట్టు తాకెనో ఎరిగిన వృద్ధులున్నారు. వారి మాట వారితో పోవుచున్నది. గ్రంథాలయమునందు ఒక పుస్తకము తెరచి, సంవత్సరము, తేదీ, నీటిమట్టము, మునిగిన వీధి అని నాలుగు గడులు గీసి, వచ్చిన ప్రతి వరదను వ్రాసియుంచుట పెద్ద వ్యయము కాదు. ఏబదియేండ్ల తరువాత రుషికొండ తీరమున ఇదే సందేహము మరల పుట్టినచో, నాటివారు మొదట తెరువవలసినది ఆ పుస్తకమునే.